దూప లేని జీవి

మొన్న మా వార్డు టీవీలో ఏదో డబ్బింగు సినిమా వచ్చింది. ఆకాశం నుంచి పెద్ద పళ్ళెంలాంటి ఓడ దిగుతుంది. అందులోంచి నల్లగా నిగనిగలాడుతూ, చొంగ కార్చుకుంటూ ఒక జంతువు వచ్చి దొరికినవాణ్ణి దొరికినట్టు మింగుతుంటుంది. మేమందరం డయాలసిస్ మిషన్లకు కట్టేసి ఉన్నాం కాబట్టి ఛానల్ మార్చేవాళ్ళు లేరు. ఒంట్లోని రక్తం పైపుల్లోంచి బయటికి పోయి, కడిగించుకుని, మళ్ళీ ఒంట్లోకి వస్తోంది. నేను ఆ జంతువును చూస్తూ నోరు ఆగక పక్క మంచం వైపు తిరిగి, "దీని ఉచ్చ సంగతేంది టీచరమ్మా?" అన్నాను.

పక్క మంచం మీద టీచరమ్మ లేదు. పెద్దపల్లి నుంచి కొత్తగా వస్తున్న ఒకామె ఉంది. పాపం, బిత్తరపోయి చూసింది. "ఏందక్కా?" అంది. ఏంలేదని మొహం గోడవైపు తిప్పుకున్నాను. ఏడుపొచ్చింది. మాకు రోజుకు తాగనిచ్చే నీళ్ళే కొన్ని, అందులోంచి కన్నీళ్ళకు కూడా పోతే ఎట్లా అని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా ఆగలేదు.

ఆ ప్రశ్న నాది కాదు, ఆమెది. కరీంనగర్‌లోని ఆ వార్డులో కిటికీ పక్క మంచం ఆమెది, దాని పక్కది నాది. వారానికి మూడు పూటలు అట్లా పక్కపక్కన పడుకునేవాళ్ళం. ఆమె క్రైస్తవ మిషనరీల బడిలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. క్రిస్టియన్‌పల్లెలో తమ్ముడి ఇంట్లో ఉండేది. పుట్టిందీ పెరిగిందీ ఆదిలాబాద్ వైపు బొగ్గుబాయిల ఊళ్ళో కాబట్టి ఆశ్చర్యమేస్తే "అగ్గోబాయి!" అని మరాఠీలో అనేది. వార్డులో అందరికీ ఆమె టీచరమ్మే. పేరు నాకు తెలుసు గానీ, ఎన్నడూ పేరుతో పిలవని మనిషిని ఇప్పుడు పేరుతో రాయబుద్ధి కావడం లేదు.

టీవీలో ఎప్పుడు వేరే లోకపు జీవి కనబడినా ఆమె మంచం మీదే లేచి కూర్చోబోయేది. సూదులు ఉన్న చెయ్యి కదలకూడదని టెక్నీషియన్ అమ్మాయి అరిచేది. అయినా సగం లేచి, సినిమా తీసినవాడు ఎదురుగా నిలబడ్డట్టు వేలు చూపించి గదమాయించేది.

"మూడు కండ్లు పెట్టినవ్, ఆరు చేతులు పెట్టినవ్, బాగనే ఉన్నది. అది ఏం తాగుతది? ఊపిరి ఎట్ల తీస్తది? తిన్నది అరిగినంక ఉచ్చ ఎట్ల పోస్తది? ముందు గది చెప్పు. దాని రాజ్యం సంగతి, యుద్ధం సంగతి తర్వాత చూద్దాం."

ఉచ్చ అనే మాటకు వార్డంతా నవ్వేది. అక్కడ ఎవరికీ సరిగ్గా ఉచ్చ రాదు కదా, అందుకే ఎక్కువ నవ్వేవాళ్ళం. మాలో కొందరికి ఆ పని మరిచిపోయి ఏడాదులైంది. ముసలి లారీ డ్రైవరొకాయన అయితే పొట్ట పట్టుకుని, "టీచరమ్మా, నీ పుణ్యముంటది, మల్లొక్కసారి అడుగు" అని బతిమాలేవాడు.

ఒకసారి ఇంకో సినిమా. వాళ్ళెవరో మన నీళ్ళు దోచుకుపోవడానికి వచ్చారట. టీచరమ్మకు నిజంగానే కోపమొచ్చింది.

"వీని బొంద! ఆకాశం నిండ మంచుగడ్డలు తిరుగుతున్నయి, ఒక్కోటి గుట్టంతున్నది. గవి ఇడిసిపెట్టి గింత దూరం మన మానేరు నీళ్ళకొస్తరా? దొంగకన్న జర తెలివి ఉండద్దా?"

అట్లా తిట్టి, వేరే లోకాల జీవులను లెక్క తప్పకుండా తనే మనసులో తయారుచేసేది, ఎక్కడా ఏదీ రాసేది కాదు. మంచి చెయ్యి చూపుడువేలుతో దుప్పటి మీద ఆరు మూలల బొమ్మలు గీసేది. గీసి, అరచేత్తో తుడిచేసేది. అక్కడ గీత లేదు, సుద్ద లేదు, ఏం తుడుస్తున్నావంటే, "అలవాటే బిడ్డా. బోర్డు తుడవకుండ క్లాసుల నుంచి బయటికి పోతే మనసు పట్టది" అనేది.

ఇంతకూ నేనెవరో చెప్పలేదు. హుజూరాబాద్‌లో బ్లౌజులు కుడతాను. నోటిదురుసు మనిషినని మా ఆయన, మా అత్త, నా దగ్గర కుట్టించుకునే ఆడవాళ్ళు అందరూ ఒప్పుకుంటారు. బీపీ ఉందని తెలియక, తెలిసినా పట్టించుకునే తీరిక లేక, రెండు కిడ్నీలూ పోగొట్టుకున్నాను. డయాలసిస్ సూదుల కోసం చెయ్యి కోసి నరాలు కలిపారు. ఇప్పటికీ ఎడమచేతి మీద చెవి పెడితే మోటరు నడిచిన చప్పుడు వస్తుంది.

సూదులకు అలవాటు పడ్డాను. బస్సుకు అలవాటు పడ్డాను. దూపకు మాత్రం పడలేదు. దూప అంటే దాహమే కదా, తెలుసని మీరనుకుంటారు. తెలియదు. మీకు దూపయితే పక్కనే నీళ్ళున్నాయి. నాకు రోజంతటికీ ఒక చిన్న సీసా. అందులోనే మాత్రలు మింగాలి, ఛాయ్ తాగాలి, పప్పుచారు తిన్నా దాని లెక్కా అందులోదే. బస్సు మానేరు వంతెన ఎక్కగానే కళ్ళు మూసుకునేదాన్ని. అన్ని నీళ్ళు ఒక్కచోట ఊరికే పడి ఉండటం చూస్తే నాకు నీళ్ళ మీద పగ పుట్టేది. ఇంట్లో బిడ్డ స్నానం చేస్తుంటే ఆ చప్పుడు వినలేక దాని మీద అరిచేదాన్ని. దానికేం తెలుసు పాపం, చెంబు చప్పుడు కాకుండా పోసుకోవడం నేర్చుకుంది.

మా వార్డులో ఒక ఆచారం ఉండేది. మిషన్ పెట్టిన మొదటి గంట మాకు పండగ. ఎట్లాగూ మిషన్ గుంజేస్తుంది కదా అని, తినకూడనివన్నీ ఆ గంటలోనే తినేవాళ్ళం. ఒకరు సమోసా, ఒకరు అరటిపండు, ఇంకొకరు నిండు కప్పు ఛాయ్. నర్సులు తిడతారని దాచుకుని తెచ్చుకునేవాళ్ళం, వాళ్ళు చూసి కూడా కొంచెం కొంచెం చూడనట్టే ఉండేవాళ్ళు. టీచరమ్మ మామిడికాయల కాలంలో ఒకే ఒక్క ముక్క తెచ్చుకునేది. దాన్ని నాకి, చూసి, మళ్ళీ నాకి, గంటసేపు తినేది. పెదాలు ఎప్పుడూ పగిలి ఉండేవి. చిన్న వాజలీన్ డబ్బా తలగడ కింద ఉండేది. తిన్న తర్వాత పెదాలకు రాసుకుని, "అయిపాయె, ఇగ పండుగ ఒడిసింది" అనేది.

ఆదివారం చర్చిలో బల్ల దగ్గర ఇచ్చే చిన్న గిన్నెడు ద్రాక్షరసం కూడా ఆమె తన నీళ్ళ లెక్కలోంచి తీసేసేది. అది కూడా లెక్కేనా అని నేను నవ్వితే, "ఏసయ్య క్షమిస్తడు బిడ్డా, నీళ్ళెక్కువైతే గుండె క్షమించది" అంది.

నేను డయాలసిస్ మానేద్దామని గట్టిగా అనుకున్న రోజు ఎండ మంటలా కాస్తోంది. బస్సులో పక్క సీటాయన సీసా ఎత్తి గటగటా తాగుతుంటే, కారిన నీళ్ళు ఆయన చొక్కా తడపడం చూశాను. ఆ తడి చొక్కాను పట్టుకుని పీల్చాలనిపించింది. నిజంగా చెయ్యి ముందుకు పోయింది. అంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు. వార్డుకొచ్చి మంచం మీద పడి, టెక్నీషియన్ అమ్మాయితో చెప్పేశాను.

"చెల్లే, ఇయ్యాల్నే ఆఖరు. ఎల్లుండి నుంచి నా మంచం ఇంకెవరికన్న ఇయ్యిన్రి. నేను రాను."

రాకపోతే ఏమవుతుందో అక్కడ అందరికీ తెలుసు. ఆ అమ్మాయి బిక్కచచ్చిపోయి, పిల్ల ఉంది కదా అక్కా, మీ ఆయన ఉన్నాడు కదా అని ఏదో చెప్పబోయింది. లారీ డ్రైవరు దేవుణ్ణి తెచ్చాడు. టీచరమ్మ మాత్రం కిటికీ అంచు మీద పావురాలను చూస్తూ పడుకుంది. నాకది ఇంకా మండింది.

"ఏం టీచరమ్మా, నువ్వేం చెప్పవా? ఆకాశంల ఉన్నయన్ని చేస్తవు గద, ఇసుక తినేటివి, పొగ తాగేటివి. దూప లేని జీవి ఎక్కడన్న ఉంటదా చెప్పు. ఒక్కటన్న ఉన్నదా?"

ఆమె మెల్లగా నా వైపు తిరిగింది. ఆ మొహంలో జాలి లేదు. బడిలో ఎవరో మంచి ప్రశ్న వేసినప్పటి మొహం అది.

"నాకు తెల్వది. చేసి చూడాలె."

"అయితే చెయ్యి. నువ్వు చేసేదాక వస్త. చేసినంక నన్ను ఎవ్వరు ఆపద్దు."

"మంచిది. కని లెక్క తప్పద్దు. రాయిని తెచ్చి ఇదిగో దీనికి దూప లేదు అనను. పీనుగను చూపించను. అది బతికి ఉండాలె, తినాలె, పిల్లల కనాలె. గప్పుడే చెల్లుతది. ఒప్పుకుంటవా?"

ఒప్పుకున్నాను. అదీ మా షరతు. చెప్పుకుంటే పిచ్చివాళ్ళనుకుంటారు. చేసి చూపిస్తే నేను చావొచ్చు, చేయలేకపోతే బతకాలి. అట్లాంటి పందెం ఇద్దరు ఆడవాళ్ళు రక్తం పైపుల మధ్య వేసుకున్నారంటే నవ్వాలో ఏడవాలో మీరే చూసుకోండి.

మొదట రాతిజాతిని తెచ్చింది.

"మనం బొగ్గుజాతి బిడ్డా. ఒంట్ల ఉన్నదంత బొగ్గే, ఊపిరి ఇడిస్తే బొగ్గు గాలి పోతది. బొగ్గు అసొంటిదే ఇంకోటి ఉన్నది, ఇసుకల ఉంటది, సిలికాన్ అంటరు. దానితోటి ఒళ్ళు కట్టుకున్న జీవి ఉన్నదనుకో, అది ఊపిరి ఇడిస్తే గాలి రాదు. ఇసుక రాలుతది."

"ముక్కుల నుంచి ఇసుకనా?"

"ముక్కు కాదు, దానికి జల్లెడ పెట్టాలె."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. వాళ్ళ బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడట. బొగ్గు దగ్గరికి పోవడానికి ముందు రాయిని తొలిచే పని ఆయనది. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని మంచం పట్టాడు. ఆమె అప్పుడు డిగ్రీ చదువుతోంది.

"బాపు ఊపిరి ఇడిస్తే ఇసుకల చెప్పులేసుకుని నడిచినట్టు చప్పుడయ్యేది. మా అవ్వ దేవుని పాటలు పాడేది. నాకు పాటలు రావాయె. మంచం పక్కన కూసోని, అటువంటి లోకమొకటి ఉంటే బాగుండు, ఆడ అందరు ఇసుకనే ఇడుస్తరు, మా బాపును చూసి ఎవ్వరు అయ్యో అనరు, ఈయన మనోడే అంటరు అనుకునేదాన్ని. అట్ల మొదలువెట్టిన ఈ పిచ్చి."

జల్లెడ మాటకు నవ్వినందుకు చెంప వేసుకున్నాను.

ఆ తర్వాతి పూట ఆమే ఆ జీవిని కొట్టేసింది. చల్లటి రాయి కదలదు, కదలాలంటే కరగాలి. కరిగిన రాయే దాని ఒంట్లో పారాలి. అది తగ్గినప్పుడల్లా తాగాలి. "అంటే దానికి దూపే. నిప్పుల దూప. మనకన్న అధ్వాన్నం" అని దుప్పటి తుడిచేసింది.

ఆ తర్వాత చలిలోకం. అక్కడ నీళ్ళన్నీ గడ్డకట్టి గుట్టలై ఉంటాయి. వాగుల్లో పారేది అమోనియా. ఆ మాట వినగానే మా బడిలో మరుగుదొడ్ల వాసన గుర్తొచ్చి ఛీ అన్నాను.

"ఛీ అనకు. మన ఒంట్ల ఏ ఇసం పోతలేదని ఈ మిషన్ కింద పన్నమో, గది దాని తోబుట్టువే. మనకు ఇసం, వాళ్ళకు తీర్థం. మన రక్తం వాళ్ళ ఊరికి పంపితే బాటిళ్ళల్ల నింపి అమ్ముకుంటరు."

ఆ రోజు వార్డులో నవ్వని మనిషి లేడు. కానీ దానికీ దూపే, అమోనియా దూప. పావురం రెట్ట చూపించి మరొకటి చెప్పింది. పావురం ఉచ్చ పోయదట, తెల్లగా సున్నంలా విసర్జిస్తుందట, నీళ్ళు మిగుల్చుకుంటుందట. అందుకే ఆమెకు ఆ పావురాలంటే అంత ప్రేమ, అంత కుళ్ళు. అయితే పావురం కూడా తాగుతుంది కదా, కిటికీ కింద ఏసీ నీళ్ళు కారే చోట అవి ముక్కులు పెట్టడం నేనే చూశాను. అదీ పోయింది.

ఎండిపోయే జీవి ఒకటి చెప్పింది. నీళ్ళు దొరకనప్పుడు వరుగులా ఎండిపోతుంది. ఏళ్ళు గడిచినా అట్లాగే ఉంటుంది, చినుకు పడితే లేస్తుంది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను.

"దొరికింది గద టీచరమ్మా! ఎండినప్పుడు దానికి దూప లేదు."

ఆమె దుప్పటి మీద వేలితో గీసింది, తుడిచింది, మళ్ళీ గీసింది. ఒప్పుకుంటుందేమోనని ఒక్క క్షణం నాకే భయమేసింది. అప్పుడు తెలిసింది నాకు, ఆమె ఓడిపోవాలని నేను కోరుకుంటున్నానని.

"లేదు బిడ్డా. ఎండినప్పుడు అది బతుకుతలేదు. ఆగి ఉన్నది, గంతే. చెల్లది."

"మనం బతుకుతున్నమా మరి? మనం గూడ ఆగే ఉన్నం గద!"

ఆమె పెదాలకు వాజలీన్ రాసుకుంది. నా వైపు చెయ్యి చాపి డబ్బా ఇచ్చింది, నేనూ రాసుకున్నాను.

నాకు కోపమొచ్చిన రోజులున్నాయి. చిన్న అబద్ధం చెప్తే ఏం పోయింది? ఆకాశంలో ఉన్నదాని గురించే కదా, ఎవరు పోయి చూస్తారు? సినిమాల వాళ్ళు చెప్పడం లేదా? ఒకరోజు అదే అడిగాను. ఆమె నన్ను విచిత్రంగా చూసి, "అబద్ధమే చెప్పాలంటే కిడ్నీలు మల్ల మొలుస్తయని చెప్తును గద" అంది. అంతే. ఆ తర్వాత నేనెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

అట్లా ఒక వానాకాలం పోయింది, చలికాలం పోయింది. దూప తగ్గలేదు. నేను మానేయలేదు. బస్సులో కళ్ళు మూసుకుని కొత్త జీవుల గురించి ఆలోచించేదాన్ని. కొన్ని నేనే చేసేదాన్ని. ఆమె వాటిని ఉచ్చ దగ్గరే పట్టుకుని పడగొట్టేది.

చివరిసారి ఆమె బాగా నీరసంగా వచ్చింది. కాళ్ళు వాచి ఉన్నాయి, తమ్ముడి భార్య చెయ్యి పట్టుకుని మంచమెక్కించింది. మామిడిముక్క తెచ్చుకుంది గానీ తినలేదు, నాకే ఇచ్చింది. "ఇయ్యాల నీ మందం నువ్వు తిను, నా మందం గూడ నువ్వే తిను" అని తన వంతు నాకు ఒప్పజెప్పింది. మిషన్ నడవడం మొదలైన తర్వాత నన్ను పిలిచింది.

"బిడ్డా, నువ్వు బ్లౌజులు కుడుతవు గద. రెండు చేతులు ఒక్కటే తీరుగ ఉంటయా?"

"ఎట్లుంటయి? కొలతలొక్కటే. కని కుడిది ఎడమకు పెడితే కూసోదు. ముంగట లోతుగ కోస్తం. కొత్తగ నేర్చుకునేటోళ్ళు రెండు ఒక్క దిక్కువే కోస్తరు, బట్టంత కరాబు చేస్తరు."

"గదే!" అని ఆమె కళ్ళు మెరిశాయి. "మన ఒంట్ల ఉన్న రవ్వలకు, అంటే అణువులకు గూడ కుడి, ఎడమ ఉంటయి. అద్దంల చూసినట్టు రెండు తీర్లు. కని ఈ భూమ్మీద వరి, పీత, పావురం, నువ్వు, నేను, అందరం ఒక్క దిక్కు కోసినోళ్ళమే. ఇగ రెండో దిక్కు కోసిన జీవి ఎక్కడికెల్లో మన దగ్గరికొచ్చిందనుకో. మనకన్న పరాయిది ఇంకోటి ఉండదు. చూస్తే మన తీరుగనే ఉంటది. కూసోమంటం, అన్నం పెడతం. కడుపు నిండ తింటది, ఒంటికి పట్టది. పెట్టినకొద్ది తిని, తినుకుంట తినుకుంటనే ఆకలికి చస్తది."

నా పళ్ళెంలోని అన్నం గుర్తొచ్చింది, ఒక్క ముద్ద కూడా సయించని అన్నం.

"మరి దూప?" అన్నాను.

ఆమె చిన్నగా నవ్వింది. "నీళ్ళకు కుడి ఎడమ లేదు బిడ్డా. అన్నం మనదీ దానిదీ వేరు. నీళ్ళు ఒక్కటే. గోదారి ఒడ్డున నిలవెట్టి దోసిట్ల పోస్తే, మనం తాగినట్టే తాగుతది. దానికి గూడ దూపే."

"అంటే అంత పరాయిదాన్ని గూడ ఇడిసిపెట్టలేదా ఈ దూప?"

"ఇడిసిపెట్టలే" అంది. చాలాసేపు కళ్ళు మూసుకుంది. పడుకుందనుకున్నాను. మిషన్ ఆపి సూదులు తీస్తున్నప్పుడు నా వైపు చూసి, ఎప్పటిలాగే వచ్చేసారికి పని అప్పజెప్పింది. "అది ఈడ చస్తే ఏమైతదో ఆలోచించి రా. ఎట్ల చస్తదో కాదు. చచ్చినంక ఏమైతది? గది."

ఆలోచించాను. నాకేం తట్టలేదు. వచ్చేసారి కల్లా మంచం ఖాళీగా ఉంది. ఆమె ఇంట్లోనే, పొద్దున లేచి పళ్ళు తోముకుంటూ పడిపోయి ప్రాణం విడిచిందని ఆమె మరదలు ఫోను చేసి చెప్పింది. మధ్యాహ్నానికే మట్టి చేస్తున్నారట. నా మిషన్ కూడా మధ్యాహ్నమే. ఒక గంట ఆలస్యంగా వస్తానని టెక్నీషియన్ అమ్మాయికి చెప్పి ఆటో ఎక్కాను.

చర్చిలో పెట్టె తెరిచి ఉంచారు. తెల్లచీర కట్టారు, తల దువ్వారు. ఎవరో పుణ్యాత్మురాలు పెదాలకు వాజలీన్ రాసింది. పగుళ్ళన్నీ కనబడకుండా పోయాయి. అంత తడిగా ఆ పెదాలను నేనెప్పుడూ చూడలేదు. నోరు తడి కోసం వెతుక్కోవడం లేదు. నాలుక బయటికొచ్చి పెదాలను తడుముకోవడం లేదు. ఇన్నాళ్ళూ చేయలేకపోయింది, ఇప్పుడు చేసి చూపించింది, నా ముందు దూప లేకుండా పడుకుంది. ఆ మాట తట్టగానే షరతు గుర్తొచ్చింది. ఇక నన్నెవరూ ఆపకూడదు.

పెట్టె అంచు పట్టుకుని వంగాను. చుట్టూ జనం ఉన్నారని కూడా చూసుకోలేదు.

"ఇది చెల్లది టీచరమ్మా" అన్నాను. "పీనుగను చూపించనన్నవ్. బతికి ఉండాలె అన్నవ్. నువ్వే అన్నవ్, నేను కాదు. గిట్ల మోసం చేస్తే నేనొప్పుకోను. ఇది చెల్లది."

గొంతు పెద్దదయింది. ఆమె మరదలు నా భుజం పట్టుకుని పక్కకు తీసుకుపోయింది. నేను ఏం మాట్లాడుతున్నానో ఆమెకు అర్థం కాలేదు, అడగనూ లేదు. ఇద్దరం ఒకరి మీద ఒకరం పడి ఏడ్చాం.

సమాధుల దగ్గర పాస్టరు ప్రార్థన చేశాడు. పెట్టె దించారు. వాళ్ళ పద్ధతి ప్రకారం ఒక్కొక్కరూ పిడికెడు మట్టి వేస్తున్నారు. ఎడమచెయ్యి మిషన్‌ది కాబట్టి నేను కుడిచేత్తో తీసుకున్నాను. ముందురోజు వాన పడిందేమో, మట్టి చల్లగా ఉంది. పిడికిట్లో ఒక వానపాము తోక కదిలింది. అప్పుడు తెలిసింది ఆమె అడిగినదానికి జవాబు. అంత పరాయిది ఇక్కడ చస్తే ఏమీ కాదు. మన పురుగు దాన్ని తినదు, తిన్నా ఒంటికి పట్టదు. మన మట్టి దాన్ని కలుపుకోదు. ఎన్నేళ్ళు గడిచినా పూడ్చింది పూడ్చినట్టే, పరాయిదానిలాగే ఉండిపోతుంది.

వానపామును విడిపించి పక్కన వదిలి, మట్టి వేశాను. వేస్తూ గట్టిగానే చెప్పాను.

"అది కుళ్ళది టీచరమ్మా. నువ్వు కుళ్ళుతవ్. నిన్ను ఈ మట్టి తింటది, పురుగులు తింటయి. నువ్వు ఈడిదానివే. మీ బాపు గూడ ఈడోడే."

పక్కనున్న పెద్దావిడ సమాధి దగ్గర ఇవేం మాటలమ్మా అని గద్దించింది. ఆమె తప్పు లేదు. నాకు వచ్చిన ప్రార్థన అదొక్కటే.

గేటు దగ్గర డ్రమ్ములో నీళ్ళు పెట్టారు, అందరూ చేతులు కడుక్కుంటున్నారు. ఆమె మరదలు అందరికీ తాగడానికి గ్లాసుల్లో నీళ్ళు ఇస్తోంది. నా దగ్గరికొచ్చేసరికి ఆగింది. ఇంట్లో ఒక రోగిని ఇన్నాళ్ళు చూసిన మనిషి, ఆమెకు తెలుసు. గ్లాసు వెనక్కి తీసుకోబోయింది.

"ఇయ్యి అక్కా" అని అందుకున్నాను. స్టీలు గ్లాసు నిండా ఉంది, అంచు దాకా. నిలబడే తాగాను, ఆపకుండా తాగాను. గొంతులోంచి చల్లగా దిగుతుంటే కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. రెండో గ్లాసు కూడా అడిగి తాగాను.

ఆ తర్వాత ఆటో ఎక్కి వార్డుకు పోయాను. చెయ్యి కడుక్కుని బరువు చూసే మిషన్ ఎక్కాను. టెక్నీషియన్ అమ్మాయి అంకె చూసి, నా మొహం చూసి, మళ్ళీ అంకె చూసింది.

"ఏందక్కా గింత పెరిగినవ్? నీళ్ళు ఎన్ని తాగినవ్?"

కిటికీ పక్క మంచం మీద దుప్పటి మార్చి ఉంది, ఒక్క మడత లేకుండా. నేను నా మంచం మీద పడుకుని ఎడమచెయ్యి చాపాను.

"ఇద్దరి మందం తాగిన చెల్లే" అన్నాను. "సూది పెట్టు."